నెలవంక మీద నిప్పు

ఉలాన్‌బాతర్,
1998 ఏప్రిల్ 12

అన్నయ్యకు యాంజిన్ నమస్కరించి రాసేది.

చలికాలం క్షేమంగా దాటారా? మంద ఎంత మిగిలింది? వదిన మోకాళ్లు ఎలా ఉన్నాయి? మేమందరం బాగానే ఉన్నాం. మనవలకు దగ్గులు తగ్గాయి. నాది తగ్గలేదు. పొయ్యిల పొగ పీల్చీ పీల్చీ ఈ ఊళ్లో నా వయసువాళ్లందరం దగ్గుతూనే పలకరించుకుంటున్నాం.

ఇక అసలు సంగతి. డెబ్భై ఏళ్లుగా సర్కారు వాడొద్దన్న వంశం పేరు ఇప్పుడు కొత్త గుర్తింపు కార్డులకు అందరూ రాసివ్వాలట. మా కింది వాటాలో దారీమా ఉంది చూడు, ట్రాలీబస్సుల్లో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి. నిన్న పొద్దున్నే వచ్చి, "టీచరమ్మా, మేం బోర్జిగిన్ అని రాసిచ్చేశాం" అంది.

"అదేమిటే, అది చెంఘిజ్ ఖాన్ వంశం కదా. మీ మామగారు బొగ్గుబండి తోలాడన్నావు?" అన్నాను.

"అయితే ఏం? ఈ మెట్లమీద పదిళ్లుంటే తొమ్మిదిళ్లు రాజవంశాలే. మేమొక్కళ్లమే వాళ్ల గుర్రాలకు గడ్డి వెయ్యాలా?" అంది.

కడుపు నొప్పెట్టేలా నవ్వాను. ఆమె వెళ్లిపోయాక మాత్రం ఆ కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వచ్చే నెలకు నాకు అరవై ఒకటి. ఊళ్లో సగంమందికి లెక్కలు చెప్పాను. నేనెవరింటి పిల్లనో రాయడానికి నాకు ఒక్క ముక్క తెలియదు. నాన్న పేరు లోచిన్ అని తెలుసు. ఆయన్ను తీసుకెళ్లేనాటికి నేను ఆరు నెలల పిల్లనని తెలుసు. అంతే. నన్ను పెంచిన పిన్నిని అడిగితే ఎప్పుడూ "మీ అమ్మను అడుగు" అనేది. అమ్మను అడిగితే టీ పోసేది.

ఇంకో మాట. మా స్కూల్లో కొత్తగా చేరిన అమ్మాయి వేలికి వెండి ఉంగరం ఉంది. దాని మీద చేప గుర్తు. "మా తాతల గుర్రాల ముద్ర టీచర్. దరిగంగలో జంచివ్ అని ఒక పెద్దాయన చేశాడు" అంది. "ఆయన మా అన్నయ్యే" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో! "మరి మీ గుర్తేది టీచర్?" అని నా చేతులకేసి చూసింది. నా చేతులకు సుద్దముక్క పొడి తప్ప ఏముంది?

మన వంశం పేరు రాసి పంపు. మన గుర్తుతో ఒక ఉంగరం చేసి పంపు. తొందరేం లేదు, కార్డుల గడువు వచ్చే ఏడాది దాకా ఉందట. కళ్లజోడొకటి పంపుతున్నాను. నగిషీ పనికి పనికొస్తుంది.

నీ చెల్లెలు,
యాంజిన్

*

దరిగంగ,
1998 మే 20

చెల్లి యాంజిన్‌కు దీవెనలు.

నీ ఉత్తరం జీపు డ్రైవరు జేబులో పన్నెండు రోజులు తిరిగి తిరిగి వచ్చింది. ఇక్కడ అందరం క్షేమం. ఈ వసంతంలో దుమ్ముగాలి మూడుసార్లు గుడారం పైకప్పు ఎత్తేసింది. మేకలు పదకొండు పోయాయి. గుర్రప్పిల్లలు మాత్రం దిట్టంగా పుట్టాయి. గంగ సరస్సుకు హంసలు వచ్చాయి. పోయినేటి కన్నా తక్కువే. మీ వదిన కుంటుకుంటూ మందుల షాపువాడి దగ్గరికి వెళ్లి మోకాళ్లకు ఏదో నూనె తెచ్చుకుంది. ఆ వాసనకు కుక్క గుమ్మం దగ్గరికి రావడం మానేసింది.

వెండి పని బాగానే సాగుతోంది. ఇప్పుడందరికీ తాతల గుర్తులు కావాలి. సూర్యుడు, గాలం, చేప, చక్రం. ఒక్కొక్కరు గొడ్డు తొడ మీది వాతకేసి చూసి కాగితం మీద వంకర టింకరగా గీసుకొస్తారు. మా చిన్నవాడు సోద్నొం వెండి కరిగించి సాగగొడతాడు. నేను లక్కలో బిగించి ఉలి పడతాను. వాడి చెయ్యి నాకన్నా నెమ్మది. మంచిదే.

వంశం పేరు సంగతి. ఏదో ఒకటి రాసెయ్యి. మన కొండ పేరు రాసినా తప్పులేదు, ఇక్కడ చాలామంది అలాగే రాశారు. నువ్వు ఇన్నాళ్లూ అది లేకుండానే బతికావు, పిల్లల్ని పెంచావు, పింఛను తెచ్చుకుంటూ కూడా పాఠాలు చెబుతున్నావు.

ఉంగరం పంపుతున్నాను. అంతులేని ముడి అంటారే, ఆ శుభచిహ్నం చెక్కాను. ఆడవాళ్ల చేతికి అందంగా ఉంటుంది.

కళ్లజోడు అందింది. నా కళ్లకేం లేదు. నీకెవరు చెప్పారు?

అన్న,
జంచివ్

*

ఉలాన్‌బాతర్,
1998 జులై 3

జంచివ్ గారికి,

మీరు పంపిన ఉంగరం అందింది. అది నా వేలికి పట్టలేదు. చిటికెన వేలికి కూడా సగమే దిగింది. నా వేళ్లు ఎలా ఉంటాయో మీకు గుర్తు లేకపోవడంలో ఆశ్చర్యం లేదు. మనం ఈ జన్మలో ఎన్నిసార్లు కలుసుకున్నామో రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నేను అడిగింది ముడి కాదు. ముడులు ఇక్కడ అంగడి నిండా ఉన్నాయి. ఊరందరి గుర్తులూ మీ చేత్తో చెక్కి ఇస్తారు. బొత్తిగా ముక్కూ మొహం తెలియనివాడు వంకరగా గీసుకొస్తే దిద్ది మరీ ఇస్తారు. సొంత చెల్లెలికి మాత్రం "ఏదో ఒకటి రాసెయ్యి."

ఎందుకో నాకు తెలుసు. దారీమా కూడా అదే అంది: "నువ్వు ఇచ్చేసిన పిల్లవి టీచరమ్మా. ఇచ్చేసిన పిల్లకు గుర్తు ఇవ్వరు. అది మగపిల్లల ఇంట్లోనే ఉంటుంది." నేను ఆమె మీద కేకలేశాను. తరవాత ఆలోచిస్తే నిజమే అనిపించింది. అమ్మ నన్ను ఆరు నెలల పిల్లగా ఉన్నప్పుడు బండెక్కించి పిన్నికి ఇచ్చేసింది. మిమ్మల్ని ఉంచుకుంది. నాన్న సుత్తి మీకు, నాన్న గుర్తు మీకు, రేపు సోద్నొంకు. నాకు కళ్లజోళ్లు కొని పంపే పని.

ఇక అడగను.

యాంజిన్

*

దరిగంగ,
1998 ఆగస్టు 9

యాంజిన్,

పైన "జంచివ్ గారికి" అని చూసి డ్రైవరు, "ఏదో ఆఫీసు కాగితంలా ఉంది తాతా, వేలిముద్ర వెయ్యాలేమో" అన్నాడు. మీరు, మీకు. అంత పరాయివాణ్ణయ్యానా?

మీ వదిన, "ఏం రాసింది మీ చెల్లెలు? మొహం అలా పెట్టావు?" అంది.

"ఏం లేదు. అక్కడ వానలట" అన్నాను.

"వానలు పడితే ఎవరైనా కళ్లు తుడుచుకుంటారా?" అని ఉత్తరం లాక్కుని సోద్నొం చేత చదివించుకుంది. చదివాక నన్ను తిట్టలేదు. తిట్టకపోతేనే నాకు భయం.

ఉంగరం కొలత గురించి రాస్తాను. అమ్మ పోయిన ఏడు నువ్వు వచ్చావు. కూర్చునే నిద్రపోయావు. అప్పుడు నీ వేలికి దారం చుట్టి కొలత తీసుకున్నాను. ఇరవై నాలుగేళ్లు ఆ దారాన్ని లక్క పెట్టెలో దాచాను. వేళ్లు లావవుతాయని నాకు తట్టలేదు. నువ్వు నాకు ఇంకా అలాగే ఉన్నావు.

అమ్మ నిన్ను ఇచ్చెయ్యలేదు. ఆ ఏడు ఇక్కడ మనలాంటి ఇళ్ల పిల్లలు ఎలా బతికారో నీకు తెలియదు. మన గుడారం దగ్గరికి పాల కుండ అరువిచ్చేవాళ్లు కూడా రాలేదు. నువ్వు ఇంకొకరి పేరుతో బతకాలని పంపింది. బండి కనపడకుండా పోయేదాకా నిలబడింది. తరవాత వెళ్లి మేకపాలు పితికింది. నేను చూశాను.

గుర్తు సంగతి మాత్రం అడగకు. నీకు ఇవ్వకూడదని కాదు. నేను దాన్ని చెయ్యను. సోద్నొంకు కూడా చూపించలేదు. ఎవరికీ చెయ్యలేదు.

ఎండు పెరుగు ముక్కలు పంపుతున్నాను. దగ్గుకు వేడి పాలలో వేసుకుని తాగు.

అన్న

*

ఉలాన్‌బాతర్,
1998 సెప్టెంబరు 28

అన్నయ్యా,

ఆ దారం సంగతి చదివి ఏడ్చాను. గారూ గీరూ అన్నందుకు క్షమించు. ఎండు పెరుగు మనవలు రెండు రోజుల్లో నమిలేశారు, నా దగ్గు నాకే ఉంది.

అయినా ఒక మాట. "అడగకు" అంటే మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించు. చిన్నప్పటినుంచీ నాకు అందరూ చెప్పిన మాట అదే. పిన్ని అడగకంది. స్కూల్లో ఫారాలు నింపేటప్పుడు పెద్ద టీచరు "తండ్రి ఏమయ్యాడని అడిగితే జబ్బుతో పోయాడని రాయి, ఇంక అడగకు" అంది. అరవై ఏళ్లకు ఇప్పుడు నువ్వు.

అందుకని నేను వేరే దారి వెతికాను. అప్పట్లో ప్రభుత్వం తీసుకెళ్లి మళ్లీ పంపని వాళ్ల కాగితాలు ఇప్పుడు సొంతవాళ్లకు చూపిస్తున్నారు. దరఖాస్తు పెట్టాను. నాన్న పేరు మీద ఫైలు ఉందట. నవంబరు మొదటి వారంలో రమ్మన్నారు. వంశం పేరు అందులో తప్పకుండా ఉంటుంది, మొదటి పేజీలోనే రాస్తారట. నువ్వు చెప్పలేనిది ఆ కాగితం చెబుతుంది. నిన్ను ఇంక ఇబ్బంది పెట్టను.

సంతోషించు.

నీ
యాంజిన్

*

దరిగంగ,
1998 అక్టోబరు 25

చెల్లీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. సోద్నొంను పంపేసి నేనే చదువుకున్నాను. నీ కళ్లజోడు పెట్టుకున్నాను. అది లేకపోతే నాకు అక్షరాలు కనబడవు. ఉలి కొస కూడా రెండేళ్లుగా కనబడటం లేదు, వేలితో తడిమి చెక్కుతున్నాను. అబద్ధం చెప్పాను.

ఆ ఫైల్లో ఏముంటుందో నాకు తెలుసు. నువ్వు అది కాగితంలో చదివేలోపు నా నోట వినాలి. ఈ ఉత్తరం ముందు చేరుతుందో లేదో.

1937. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బడి అంటే రెండు గుడారాలు. నవంబరు మొదట్లో పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. తోలుకోటు, నవ్వు మొహం. మా మధ్య నేల మీదే కూర్చున్నాడు. "పిల్లలూ, మీ ఇంటి గుర్తులు గీస్తారా? ఎవరు అందరికన్నా గొప్పది గీస్తే వాళ్లకు ఇదిగో" అని జేబులోంచి చక్కెర గడ్డ తీశాడు. అంత తెల్లటి వస్తువు నేనప్పటిదాకా చూడలేదు.

మన గుర్రాలకు వేసే ముద్ర ఉత్త గాలం. నా పక్కన ముగ్గురు గాలమే గీస్తున్నారు. గాలం గీస్తే గెలవను.

అంతకు ముందు వేసవిలో నాన్న నాకు ఒక నడికట్టు పట్టీ చూపించాడు. వెండిది. పైన ఏమీ లేదు. తిప్పితే లోపలివైపు ఉంది: పడుకోబెట్టిన నెలవంక, దాని మీద మూడు నాలుకల నిప్పు. "మనం గల్చూద్‌లం. పూర్వం దొరల కొలువులో పొయ్యి ఆరకుండా కాపాడిన వాళ్లం. ఈ గుర్తు గుర్రాలకు వెయ్యం, మనుషులకే. మా నాన్న నాకు చూపించాడు, నేను నీకు చూపించాను. ఇక మరిచిపో. బయట ఎక్కడా అనకు" అన్నాడు. దొరలన్న మాటకే మనుషులు మాయమవుతున్న రోజులవి. నాకేం తెలుసు?

నేను అది గీశాను.

ఆయన నా కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "ఎవరబ్బాయివి నాన్నా?" అన్నాడు. "లోచిన్ కొడుకుని, జంచివ్‌ని. మా నాన్న వెండి పని చేస్తాడు" అన్నాను. తల నిమిరాడు. చక్కెర నాకే ఇచ్చాడు.

పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. నాన్న పొయ్యి దగ్గర చెవిపోగులకు టంకం వేస్తున్నాడు. "ఎక్కడిది?" అన్నాడు. చెప్పాను. చేతిలో పట్టకారు కింద పెట్టాడు. అమ్మ బయట నీకు ఎండ చూపిస్తోంది.

"బాగా గీశావా?" అన్నాడు.

"నాకే ఇచ్చాడు మరి, అందరిలోకీ!"

"ఎలా గీశావో చూపించు."

బూడిదలో వేలితో గీశాను. నాన్న చూశాడు. నా వేలు పట్టుకుని దాని మీదే మళ్లీ దిద్దించాడు. "నెలవంక కొస లోపలికి తిరగాలి నాయనా. బయటికి తిరిగితే నిప్పు ఒలికిపోతుంది" అన్నాడు. తరవాత అరచేత్తో అంతా చెరిపేశాడు. "చక్కెర తిను. అమ్మకు చెప్పకు."

తిన్నాను చెల్లీ. తియ్యగా ఉంది.

తొమ్మిది రోజుల తరవాత వచ్చారు. ఆ తొమ్మిది రోజుల్లో ఆయన సరిహద్దు దాటి పారిపోవచ్చు. ఇక్కణ్ణుంచి గుర్రం మీద ఒక్క పూట. పారిపోలేదు. ఒప్పుకున్న పనులన్నీ పూర్తి చేసి ఎవరి వస్తువులు వాళ్ల గుడారాలకు తనే తీసుకెళ్లి ఇచ్చాడు. తీసుకెళ్లేటప్పుడు నా వైపు చూడలేదు. ఎందుకు చూడలేదా అని అరవై ఏళ్లుగా అనుకుంటున్నాను.

అమ్మకు చెప్పకు అన్నాడు. చెప్పలేదు. అమ్మ చచ్చిపోయేటప్పుడు కూడా చెప్పలేదు. ఎవరో పొరుగువాళ్లు చాడీలు చెప్పారనుకుంటూనే పోయింది. ఆ పొరుగింటి ముసలామెతో ముప్పై ఏళ్లు మాట్లాడలేదు. నేను చూస్తూ ఊరుకున్నాను.

నీకు నాన్న లేకుండా చేసింది నేను. అమ్మ లేకుండా చేసింది కూడా నేనే. నీకు ఏ చేత్తో ఆ గుర్తు చెక్కివ్వమంటావు?

జంచివ్

*

దరిగంగ,
1998 నవంబరు 29

యాంజిన్,

నెల దాటింది. నా ఉత్తరం నీకు చేరిందని డ్రైవరు చెప్పాడు. నీ చేతికే ఇచ్చాడట. గుమ్మంలోనే విప్పి, టీ కూడా ఇవ్వకుండా తలుపు వేసుకున్నావట.

అర్థమైంది. నీ తప్పేమీ లేదు. జవాబు రాయనక్కర్లేదు.

ఇక్కడ మంచు మోకాలిదాకా ఉంది. వదిన నిన్ను అడిగినట్టు రాయమంది. ఆమెకు కూడా ఇప్పుడు చెప్పేశాను.

జంచివ్

*

ఉలాన్‌బాతర్,
1998 డిసెంబరు 13

అన్నయ్యా,

నీ రెండో ఉత్తరం నిన్న వచ్చింది. నువ్వు అనుకున్నది సగం నిజం, సగం కాదు. రెండూ రాస్తాను.

నీ మొదటి ఉత్తరం వచ్చేసరికి నేను ఫైలు చూసి నాలుగు రోజులైంది. చూసినదాన్ని నీకు ఎలా రాయాలో తెలియక కాగితాలు చింపుతున్నాను. అంతలో డ్రైవరు వచ్చాడు. చదివాను. వారం రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. దాచను. చక్కెర దగ్గరికి వచ్చేసరికి ఉత్తరాన్ని గోడకేసి కొట్టాను. అమ్మ కూడా లేకుండా పెరిగింది నేను, నా కోపం నాది. తరవాత మా చిన్న మనవడికి జ్వరం వచ్చింది. వాడికి తొమ్మిదేళ్లు. ఒళ్లు తుడుస్తూ వాడి చేతులు చూశాను. ఎంత చిన్న చేతులో! ఆ రోజుతో నా కోపం పోయింది. ఆ తరవాత రాయకపోవడం కోపం వల్ల కాదు, తొమ్మిదేళ్ల పిల్లాడి మీద కోప్పడ్డానన్న సిగ్గు వల్ల. తరవాత దగ్గు ముదిరి పది రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. ఇప్పుడు నయం.

ఫైలు పలచగా ఉంది. పదకొండు కాగితాలు. నీ బొమ్మ అందులో ఉంది. అవును. కొస బయటికే తిరిగి ఉంది.

దాని వెనక ప్రశ్నలూ జవాబులూ ఉన్నాయి. నన్ను కాపీ చేసుకోనిచ్చారు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ప్రశ్న: ఇది నీ కొడుకు గీశాడు. వాడికి ఎవరు నేర్పారు? ఇంట్లో ఇంకా ఎవరికి తెలుసు?

జవాబు: వాడు గీయలేదు. నేను గీసి వాడి చేతికిచ్చాను.

ప్రశ్న: నీ ఇంట్లో దొరికిన పట్టీ మీద కొస లోపలికి ఉంది. కాగితం మీద బయటికి ఉంది. వెండిపనివాడివి, నీ గుర్తు నీకే రాదా?

జవాబు: చెయ్యి వణికింది.

ప్రశ్న: కొడుకును కాపాడుతున్నావు.

జవాబు: లేదు. వాడికి గీత రాదు. వాడు మొద్దు. వాడికి ఈ పని ఎప్పటికీ అబ్బదు. వాణ్ణి అడిగి లాభం లేదు.

దీని కింద వేలిముద్ర. అన్నయ్యా, ఇంకే ప్రశ్నకూ ఆయన జవాబే ఇవ్వలేదు. మిగతా పేజీలన్నింటిలో "జవాబు లేదు", "జవాబు లేదు" అనే ఉంది. నోరు విప్పింది నీ కోసం ఒక్కసారే.

నీ వల్లే తీసుకెళ్లారా? ఆ రోజు తీసుకెళ్లినవాళ్ల జాబితాలో మీ వైపు వెండిపనివాళ్లు నలుగురు. అందులో ఇద్దరికి అసలు పిల్లలే లేరు. కాబట్టి నీ బొమ్మ లేకపోయినా తీసుకెళ్లేవాళ్లేమో. "ఏమో" అనే రాస్తున్నాను. నేను లెక్కల టీచర్ని, తేలని లెక్కకు జవాబు వెయ్యలేను. నువ్వు సంతోషిస్తావని కూడా వెయ్యలేను.

నిన్న వెళ్లి కార్డు కాగితం ఇచ్చి వచ్చాను. గల్చూద్ అని రాశాను. కిటికీలో అమ్మాయి, "ఇదేం వంశమండీ? ఎప్పుడూ వినలేదే" అంది. "మేం బయటికి అనలేదమ్మా" అన్నాను.

కొత్త సంవత్సరం పండగ వెళ్లాక ఒక్కసారి రా. ఫైలు నీ కళ్లతో చూడు. వదినకు నమస్కారాలు.

నీ చెల్లెలు,
యాంజిన్

*

దరిగంగ,
1999 మార్చి 28

చెల్లి యాంజిన్‌కు,

నీ దగ్గర్నుంచి బయల్దేరి ఇంటికి క్షేమంగా చేరాను. రెండు రోజుల ప్రయాణంలో జీపు మూడుసార్లు మంచులో దిగబడింది. దిగినప్పుడల్లా డ్రైవరు "తాతలు కదలకండి" అన్నాడు. నేనొక్కణ్ణే తాతని. మీ దారీమా ఇచ్చిన ఉడకబెట్టిన మాంసం కుడుములు దారంతా తిన్నాం. ఆమెకు చెప్పు, రాజవంశం చెయ్యి బాగుందని.

నిన్నటిదాకా సోద్నొం దగ్గర కూర్చున్నాను. అరవై ఒక్క ఏళ్ల తరవాత ఆ గుర్తు గీశాను. వాడి ముందు, కాగితం మీద. నా చెయ్యి కుదరలేదు, కళ్లు ఆనలేదు. వాడే అర్థం చేసుకుని ఉలి పట్టాడు. ఉంగరం, ఒక జత చెవిపోగులు పంపుతున్నాను. నీ కొత్త కొలతతోనే. ఎలా వచ్చాయో నువ్వే చూసి చెప్పు. నేను వేలితో తడిమి చూశాను, గీతలు లోతుగా ఉన్నాయి.

ఇప్పుడు అక్కడ నీకు చెప్పలేకపోయిన మాట ఒకటి.

ఫైలు చూడటానికి నన్నొక్కణ్ణే లోపలికి పంపారు కదా, నువ్వు బయట బల్ల మీద కూర్చున్నావు. నేను బయటికొచ్చి నీ పక్కన కూర్చున్నాను. నువ్వు నా చెయ్యి పట్టుకుని "బొమ్మ చూసి బెంగపడ్డావా?" అన్నావు. తల ఊపాను. అది కాదు.

బొమ్మ దాకా వెళ్లడానికి నాకు చాలాసేపు పట్టింది. మొదటి పేజీలోనే ఆగిపోయాను. అక్కడ కూర్చున్న అమ్మాయి చదివి వినిపించింది. "పేరు, లోచిన్. వంశం, గల్చూద్. వృత్తి, వెండిపని. వయసు, ముప్పై నాలుగు."

"ఎంతమ్మా?" అన్నాను.

"ముప్పై నాలుగు, తాతగారూ."

ఇంకోసారి అడిగాను. ఆ పిల్ల నాకు చెవుడనుకుని గట్టిగా చెప్పింది.

నువ్వు లెక్కల టీచరువి, నీకు ఎప్పుడో తెలిసే ఉంటుంది. నాకు తెలియదు. నేనెప్పుడూ లెక్క వెయ్యలేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆయన కొండంత ఉన్నాడు, నాతోపాటు ఆయనా పెద్దవాడవుతూనే వచ్చాడు. తెల్లగడ్డంతో, పైనుంచి నన్నే చూస్తున్నట్టు. ఉలి పట్టిన ప్రతిరోజూ ఆయన ముందు తల వంచుకునే కూర్చున్నాను.

మన సోద్నొంకు ముప్పై ఎనిమిది. వాడు ఇప్పటికీ టోపీ ఎక్కడ పెట్టాడో వాళ్లమ్మను అడుగుతాడు. పిడుగు పడితే ఉలిక్కిపడతాడు. పోయిన ఏడు గుర్రం కాలు విరిగితే గుడారం వెనక్కి వెళ్లి ఏడ్చాడు. మన నాన్న వీడికన్నా నాలుగేళ్లు చిన్నవాడు. ఆ తొమ్మిది రోజులూ ఆరు నెలల నిన్ను, పెళ్లాన్ని, నన్ను చూసుకుంటూ, ఎవరికీ చెప్పుకోలేక, చెవిపోగులకు టంకం వేసుకుంటూ కూర్చున్నాడు. ఎంత భయపడి ఉంటాడు! ఒక్కరైనా పక్కన కూర్చోలేదు కదా.

అంత చిన్నవాడు ఇప్పుడు మన గుమ్మంలోకి వస్తే నేను లేచి ఎదురెళ్తాను. మంచు దులిపి లోపలికి తీసుకొస్తాను. పొయ్యి దగ్గర చోటిచ్చి, "కూర్చో నాయనా, నేనున్నాను" అంటాను.

మీ వదిన పిలుస్తోంది. గుర్రాలు ఈనే వేళ.

అన్న,
జంచివ్